గజల్‌లో తోట ఉంది, ఎడారి ఉంది, మరి ఊరెక్కడ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఆర్నెల్లుగా ఉర్దూ గజల్స్ చదువుతున్నారు, ఎవరిది తీసినా అదే తోట, అదే ఎడారి, అదే ప్రియురాలి గల్లీ. మన దగ్గర కవి నోరు విప్పితే గోదావరో కృష్ణో పలుకుతుంది, మరి ఉర్దూ కవికి సొంత నేలంటూ లేదా, అంతా ఇరాన్ నుంచి తెచ్చుకున్న సరుకేనా అని.

నేల ఉందండీ, చాలా గట్టిగా ఉంది. కాకపోతే గజల్‌లో ఊరు పేరు పెట్టి పిలిస్తే, చాలాసార్లు అది అప్పటికే చేజారిపోయిన ఊరు. అందులో ఉన్నన్నాళ్ళూ కవికి ఊరి పేరుతో పని లేదు, 'గల్లీ' అంటే చాలు, వినేవాళ్ళకి తెలుసు. గజల్ దాటి దక్కనీ (దక్కన్ ప్రాంతపు పాత ఉర్దూ) కవుల దగ్గరికో, నజ్మ్ (ఒకే విషయం మీద సాగే కవిత) దగ్గరికో, మర్సియా (కర్బలా శోకగీతం) దగ్గరికో వెళ్తే కథ వేరు, అక్కడ వానా ఎండా దోసకాయా అన్నీ ఉంటాయి. మీరు ఇంకా గజల్ దగ్గరే ఉన్నారు కాబట్టి అలా అనిపిస్తోంది.

నేను హైదరాబాద్‌లో ఇరవై ఏళ్ళ పైనుంచి ఆదివారాలు తెలుగువాళ్ళతో కూర్చుని ఉర్దూ కవిత్వం చదువుతున్నా. మా నాన్నగారిది ఉర్దూ మీడియంలో చదువుకున్న తరం, నాకు ఈ పిచ్చి ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఇదే ప్రశ్న అడుగుతారు, అందుకని కొంచెం వివరంగానే రాస్తా.

ముందు ఆ తోటా ఎడారీ సంగతి. అవి ఫారసీ నుంచి వచ్చినవే, అందులో దాపరికం ఏం లేదు. కానీ వాటిని ఊళ్ళలాగా చదవకూడదు. చమన్ అంటే బుల్‌బుల్ ఉండాల్సిన చోటు, ఖఫస్ అంటే పంజరం, అంటే ఆ బుల్‌బుల్ ఇప్పుడు ఉన్న చోటు. సహ్రా అంటే ప్రేమలో మతి పోయినవాడు తిరిగే చోటు. కూచా అంటే ఆమె ఉండే వీధి, నువ్వు గుమ్మం దాకా వెళ్ళగలవు, లోపలికి పోలేవు. నజ్ద్ అనగానే మజ్నూ, బీస్తూన్ కొండ అనగానే దాన్ని తొలిచిన ఫర్హాద్, కనాన్ అనగానే యూసుఫ్ కోసం ఏడ్చి కళ్ళు పోగొట్టుకున్న తండ్రి. మనకి పంచవటి, అశోకవనం ఎలాగో వాళ్ళకి అవి అలాగ. అశోకవనం ఎక్కడుందో మ్యాప్‌లో వెతకం కదా, అక్కడ ఎవరు కూర్చుని ఎవరి కోసం ఎదురుచూశారో తెలుసు, ఆ ఒక్క మాటతో సగం కథ చెప్పేసినట్టే.

అలాంటి అరువు ఎడారితో ఏం చేయొచ్చో గాలిబ్ దగ్గర చూడండి:

కోయీ వీరానీ సీ వీరానీ హై
దశ్త్ కో దేఖ్ కే ఘర్ యాద్ ఆయా

అబ్బ ఏం పాడుబడ్డ చోటు ఇది, ఈ ఎడారిని చూస్తే ఇల్లు గుర్తొచ్చింది. అంతే. ఇంత పాడుబడ్డ చోట భయమేసి, హాయిగా ఇంట్లో ఉండాల్సింది అనుకున్నాడా? లేకపోతే మా ఇల్లూ అచ్చం ఇలాగే ఉంటుంది అంటున్నాడా? రెండూ చెల్లుతాయి, గాలిబ్ శిష్యుడు హాలీ కూడా ఈ రెండర్థాలూ చెప్పాడు. ఒకసారి మా క్లాసులో ఇది చదువుతుంటే అమెరికాలో పదేళ్ళుండి వచ్చిన నెల్లూరాయన ఒకరు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, అరిజోనాలో కార్లో వెళ్తూ ఎడారి చూసినప్పుడు నాకు నిజంగానే ఇల్లు గుర్తొచ్చింది సార్, అమ్మ పోయాక తాళం వేసిన ఇల్లు అని. ఆ శేర్‌కి, అంటే ఆ రెండు పాదాలకి, నేను అంతకంటే మంచి వ్యాఖ్యానం వినలేదు. గాలిబ్ ఎడారిలో అడుగు పెట్టలేదు, పెట్టాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు అసలు ఊళ్ళ దగ్గరికి వద్దాం, అంటే ముందుగా ఢిల్లీ. 1739లో నాదిర్ షా వచ్చి దోచుకుపోయాడు, ఆ తర్వాత అహ్మద్ షా అబ్దాలీ మళ్ళీ మళ్ళీ వచ్చాడు. మీర్ తఖీ మీర్ అనే కవి ఆగ్రాలో పుట్టి, ఢిల్లీలో బతికి, ఇవన్నీ కళ్ళారా చూసి, చివరికి 1782లో లక్నో వెళ్ళిపోయాడు. ఆయన శేర్ ఇది:

దిల్ కీ వీరానీ కా క్యా మజ్కూర్ హై
యే నగర్ సౌ మర్తబా లూటా గయా

గుండె ఎంత పాడుబడిందో ఏం చెప్పమంటారు, ఈ నగరాన్ని వందసార్లు దోచుకున్నారు. ఢిల్లీ పేరు ఎక్కడైనా ఉందా? లేదు. కానీ ఆ రోజుల్లో ఈ మాట విన్నవాడికి వీపు మీద చర్నాకోల తగిలినట్టే ఉండుంటుంది. ఇంకోటి గమనించండి, షహర్ అనలేదు, 'నగర్' అన్నాడు, మన మాటే. గుండెకి పెట్టిన పేరు ఊరి పేరు, దానికి పట్టిన గతి కూడా ఊరికి పట్టిన గతే. మీరు వెతుకుతున్న నేల ఇక్కడుంది, ఉపమానం లోపల దాక్కుని ఉంది.

లక్నో ముషాయిరాలో (కవి సమ్మేళనంలో) మీర్‌ని ఎవరో ఏ ఊరు మీదని నవ్వుతూ అడిగితే ఆయన చెప్పినట్టు ఒక పద్యం బాగా ప్రచారంలో ఉంది, మీకు ఇప్పటికే తగిలి ఉంటుంది. 'హమ్ కో గరీబ్ జాన్ కే హఁస్ హఁస్ పుకార్ కే' అని వస్తుంది అందులో, ఢిల్లీ అని లోకంలోకెల్లా ఎంచదగ్గ ఊరొకటుండేది, ఆకాశం దాన్ని దోచి పాడుపెట్టింది, మేం ఆ పాడుబడ్డ చోటివాళ్ళం అని ముగుస్తుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, ఇది మీర్ దీవాన్‌లలో (కవితా సంపుటాల్లో) లేదు, ముహమ్మద్ హుసేన్ ఆజాద్ 1880లో అచ్చు వేసిన ఆబ్-ఎ-హయాత్ అనే ఉర్దూ కవుల చరిత్ర ద్వారా జనంలోకి వచ్చింది, కాబట్టి ఇది మీర్‌దేనని బల్ల గుద్ది చెప్పొద్దు. రెండోది ఆ 'గరీబ్' అనే మాట. మొదటిసారి తెలుగు చేసినప్పుడు నేను 'పేదవాణ్ణని నవ్వారు' అని రాసేశా, మనకి గరీబు అంటే పేదవాడే కదా. పాతబస్తీలో ఒక పెద్దాయనకి చూపిస్తే తల అడ్డంగా ఊపి, బేటా, గరీబ్ అంటే ఊరు కాని ఊరొచ్చినవాడు, గుర్బత్ అంటే పరాయిచోట ఉండటం, పేదరికం ఆ తర్వాత వచ్చిన అర్థం అన్నారు. నేను ఆ రోజంతా అదే ఆలోచిస్తూ ఉండిపోయా. పొట్ట చేతబట్టుకుని దుబాయ్ పోయే మన కరీంనగర్, జగిత్యాల మనుషులకి ఆ మాట రెండర్థాల్లోనూ సరిపోతుంది. ఒక్క మాటలో భూగోళం అంటే ఇదే, మీరు ఉర్దూ చదివేటప్పుడు వతన్ (సొంత ఊరు), గుర్బత్, దయార్ (ప్రాంతం), ముసాఫిర్ (బాటసారి) ఈ నాలుగు మాటలూ ఎక్కడొచ్చినా ఆగి చదవండి.

పాడైన ఊరి మీద రాయడానికే ఉర్దూలో ఒక ప్రక్రియ ఉంది, షహర్ ఆశోబ్ అంటారు. మీర్ కాలపు కవి సౌదా రాశాడు, నజీర్ అక్బరాబాదీ ఆగ్రాలో చేతివృత్తులు పడిపోయి అంగళ్ళు వెలవెలబోయిన సంగతి రాశాడు. 1857 తర్వాత ఢిల్లీ మీద ఎంతమంది ఏడ్చారంటే ఆ కవితలన్నీ కలిపి 1863లో ఫుగాన్-ఎ-దెహ్లీ అని ఒక సంకలనమే వచ్చింది. వీటికంటే నన్ను ఎక్కువ కుదిపేది మాత్రం గాలిబ్ ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరం. ఢిల్లీ అంటే అయిదు సంగతులయ్యా అంటాడు: కోట, చాందినీ చౌక్, రోజూ జామా మసీదు దగ్గర చేరే జనం, వారం వారం యమునా వంతెన మీద షికారు, ఏటేటా పూలవాళ్ళ జాతర. ఈ అయిదూ ఇప్పుడు లేవు, ఇంక ఢిల్లీ ఎక్కడుందో చెప్పు అంటాడు. ఒక్క విశేషణం లేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. నేను బల్లీమారాన్‌లో ఆయన ఉన్న గలీ ఖాసిం జాన్‌కి వెళ్ళినప్పుడు చుట్టూ కళ్ళజోళ్ళ షాపులు, చెప్పుల షాపులు, పైన చిక్కుపడిన కరెంటు తీగలు, ఆ హవేలీలో మిగిలిన కాస్త భాగం ఇప్పుడు మ్యూజియం. అక్కడ నిలబడి ఆ అయిదు సంగతులూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నా.

ఢిల్లీకీ మనకీ మధ్య ఒక శేర్ ఉంది, దీన్ని తెలుగువాళ్ళందరూ తెలుసుకోవాలి అంటాను. దక్కన్‌లో కవులకి మంచి ఆదరణ ఉంది రమ్మంటే ఢిల్లీ కవి జౌఖ్ చెప్పిన జవాబు:

ఇన్ దినోఁ గర్చే దకన్ మేఁ హై బడీ ఖద్ర్-ఎ-సుఖన్
కౌన్ జాయే జౌఖ్ పర్ దిల్లీ కీ గలియాఁ ఛోడ్ కర్

ఈ మధ్య దక్కన్‌లో కవిత్వానికి విలువ బాగానే ఉందట, కానీ ఢిల్లీ గల్లీలు వదిలిపెట్టి ఎవరు పోతారు జౌఖ్ అని. ఇక్కడ పేరు వచ్చింది చూశారా? ఊరు వదలాల్సి రావచ్చు అన్న ఆలోచన రాగానే 'గల్లీ' కాస్తా 'ఢిల్లీ గల్లీ' అయింది. జౌఖ్ 1854లో పోయాడు, 1857 విధ్వంసం చూడలేదు. ఆయన శిష్యుడు దాగ్ చూశాడు, చూసి ఊళ్ళు తిరిగి తిరిగి చివరికి గురువు రానన్న హైదరాబాద్‌కే వచ్చాడు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఉస్తాద్ అయ్యాడు, 1905లో ఇక్కడే పోయాడు. నాంపల్లి యూసుఫైన్ దర్గా దగ్గర సమాధి. ఎప్పుడైనా నాంపల్లి స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళొచ్చు.

ఇంక దక్కన్ కవిత్వం. నేను కొంచెం పక్షపాతంతో మాట్లాడితే క్షమించండి, కానీ మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. ఉర్దూలో దీవాన్ మిగిల్చిన మొదటి కవుల్లో ముందు వరుస మనిషి మన ముహమ్మద్ కులీ కుతుబ్ షా, 1591లో హైదరాబాద్ కట్టించినాయన. ఆయన దగ్గర ఊరు పోయాక ఏడవడం కాదు, ఊరు పుట్టేటప్పుడు మొక్కుకోవడం ఉంది:

మేరా షహర్ లోగాఁ సూఁ మామూర్ కర్
రఖ్యా జూఁ తూ దర్యా మేఁ మిన్ యా సమీ

నా ఊరిని జనంతో నింపు స్వామీ, నదిలో చేపల్ని నింపినట్టు. 'మిన్' అంటే మీనం, మన మీనమే. 'లోగాఁ' అనే బహువచనం ఇవాళ్టికీ మా హైదరాబాద్ ఉర్దూలో అలాగే ఉంది, చార్మినార్ దగ్గర ఆటో ఎక్కండి, రెండు నిమిషాల్లో వినపడుతుంది. ఇంక ఆ 'మామూర్' అనే మాట, మన మామూలుకీ దీనికీ సంబంధం లేదు, జనంతో కళకళలాడేది అని అర్థం. రెండు శతాబ్దాల పైన గడిచాక గాలిబ్ ఢిల్లీని 'మామూరా' అంటాడు, అదే ధాతువు, కానీ ఏమంటాడు? ఈ మామూరాలో ప్రేమ బాధకి కరువొచ్చింది, ఢిల్లీలోనే ఉందాం సరే, తినేదేంటి అంటాడు. ఒకే మాట, ఒక చివర ఊరు నిండాలని మొక్కు, ఇంకో చివర పేరుకి మాత్రం నిండుగా ఉన్న ఊళ్ళో ఆకలి. నేను క్లాసులో ఈ రెండూ పక్కపక్కన బోర్డు మీద రాసి కాసేపు అలా వదిలేస్తా.

కులీ కవితల్లో బసంత్ ఉంది, తన మేడలున్నాయి, కాయగూరలూ పళ్ళూ ఉన్నాయి, మిర్గ్ మీద కవితలున్నాయి. మిర్గ్ అంటే ఏంటనుకున్నారు, మృగశిర కార్తె! తెలంగాణ పల్లెల్లో మిర్గం అంటామే, అదే. జూన్ మొదట్లో తొలకరి పడి, చేపల కూర వండుకునే రోజు. నాలుగు వందల ఏళ్ళ కిందట గోల్కొండ సుల్తాను ఆ కార్తె పేరు పెట్టుకుని వాన మీద కవిత్వం రాశాడు, ఇరాన్ వసంతం కోసం ఆగలేదు. ఇది చదివాక ఉర్దూకి నేల లేదన్న మాట నా నోటి నుంచి మళ్ళీ రాలేదు.

వలీ దక్కనీ గురించి కూడా ఒక మాట. ఔరంగాబాద్ మనిషి అంటారు, సూరత్ ఊరిని పొగుడుతూ ఒక మస్నవీ (ద్విపదల్లో సాగే దీర్ఘకవిత), గుజరాత్‌ని విడిచి ఉండలేక గుండెలో ముళ్ళు దిగినట్టుందని ఇంకో కవితా రాశాడు. ఆయన ఔరంగాబాద్ వాడా గుజరాత్ వాడా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. ఈయన కవిత్వం ఢిల్లీ చేరాకే అక్కడివాళ్ళు ఫారసీ పక్కన పెట్టి ఉర్దూలో గట్టిగా రాయడం మొదలుపెట్టారు. 1707లో అహ్మదాబాద్‌లో పోయాడు, అక్కడి సమాధిని 2002 అల్లర్లలో కూల్చేసి పైన రోడ్డేశారు. గుజరాత్ ఎడబాటు రాసినవాడికి గుజరాత్‌లో ఇవాళ సమాధి లేదు, ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

మర్సియా గురించి మీరు అడగలేదు, కానీ భూగోళం అన్నారు కాబట్టి వదల్లేను. ఇమాం హుసేన్ యుద్ధంలో అమరుడైన కర్బలా ఇరాక్‌లో ఉంది. మీర్ అనీస్ లక్నోలో కూర్చుని ఆ యుద్ధం రాశాడు. రాస్తే ఏమైంది, కర్బలాలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు పడుతుంది, ఎడారి కొంగు నిండా ముత్యాలు అంటాడు, ఇమాం ఇంటి ఆడవాళ్ళు లక్నో బేగంల లాగా మాట్లాడతారు. తప్పు కదా అని కొందరంటారు. నేను అననండి. మొల్ల రాముడు మన ఊరి రాముడిలాగా లేడా? తమ ఇంటి పెరట్లోకి తెచ్చుకుంటే తప్ప ఆ దుఃఖం వాళ్ళది కాలేదు. అలాగని ఎండ రాయాల్సి వస్తే అనీస్ చేతకాక వదిలెయ్యలేదు:

పానీ థా ఆగ్, గర్మీ-ఎ-రోజ్-ఎ-హిసాబ్ థీ
మాహీ జో సీఖ్-ఎ-మౌజ్ తక్ ఆయీ కబాబ్ థీ

నీళ్ళే నిప్పు, ప్రళయం నాటి వేడి, అల అనే ఇనప చువ్వ దాకా వచ్చిన చేప కబాబ్ అయిపోయింది. దారుల్‌షిఫా వైపు ఒక మొహర్రం మజ్లిస్‌లో (సంతాప సభలో) ఈ లైను విన్నా, ఒక్కసారిగా జనం లోంచి వాహ్ వాహ్ అని లేచింది, అందులోనే ఏడుపు కూడా.

ఆగ్రా నజీర్ అక్బరాబాదీని తప్పకుండా చదవండి. ఆగ్రా దోసకాయ మీద, యమునలో ఈతల జాతర మీద, వాన మీద, హోలీ మీద రాశాడు, చాలాకాలం పండితులు ఆయన్ని బజారు కవి అని పక్కన పెట్టారు, అది వాళ్ళకే నష్టం. 1874లో లాహోర్‌లో ఆజాద్, హాలీ కలిసి మన వానలూ మన కోయిలలూ రాద్దాం అని ప్రత్యేకంగా సభలు పెట్టారు, హాలీ బర్ఖా రుత్ (వానాకాలం) అనే కవిత అప్పటిదే, మంచి ఉద్దేశమే కానీ నజీర్‌లో ఉన్న ఊపు అందులో నాకు కనపడదు. ఇక్బాల్ హిమాలయం మీద మొదలుపెట్టి జర్మనీలో నెకర్ నది దాకా, స్పెయిన్‌లో కార్డోబా మసీదు దాకా వెళ్ళాడు. 1910లో హైదరాబాద్ వచ్చి కుతుబ్ షాహీ సమాధులు చూసి గోరిస్తాన్-ఎ-షాహీ (రాజుల శ్మశానం) అనే కవిత రాశాడు, అది మాత్రం ఇబ్రహీంబాగ్ వెళ్ళి ఆ గుమ్మటాల నీడలో కూర్చుని చదవండి.

మన కవుల్లో ఇద్దరి పేర్లు చెప్తా. అమ్జద్ హైదరాబాదీ, రుబాయీలకి (నాలుగు పాదాల పద్యాలకి) పేరుపడ్డ మనిషి, 1908 సెప్టెంబరు మూసీ వరదలో తల్లినీ భార్యనీ కూతురినీ పోగొట్టుకుని ఒక్కడే బతికాడు, దాని మీదే ఖయామత్-ఎ-సుగ్రా (చిన్న ప్రళయం) అనే కవిత రాశాడు. రెండోది మఖ్దూం మొహియుద్దీన్, ఆందోల్‌లో పుట్టాడు. ఆయన మల్లె పందిరిని 'చమేలీ కే మండ్వే తలే' అంటాడు. మండ్వా దక్కన్‌లో ఇళ్ళ ముందు పెళ్ళికీ పేరంటానికీ వేసే పందిరి. ఫారసీ తోటలో ఆ పందిరి ఉండదు, మన వాకిట్లోనే ఉంటుంది. ఈ ఒక్క మాట దగ్గర మీరు అడిగిన తోట సంగతి మొత్తం మారిపోతుంది.

విభజన తర్వాత ఏమైందో మీరే ఊహించగలరు, ఊళ్ళ పేర్లు గజల్‌లోకి వరదలా వచ్చాయి. నాసిర్ కాజ్మీ లాహోర్‌లో కూర్చుని అంబాలా అని ఒక ఊరుండేది, ఇప్పటికీ ఉందట అంటాడు. ఆ 'ఉందట' దగ్గర ఆగండి, పుట్టిన ఊరు ఉందో లేదో ఎవరో చెప్తే వినాల్సి రావడం.

ఒక హెచ్చరిక మాత్రం చేస్తా: ఊరి పేరు కనపడగానే అది కవి ఆత్మకథ అనుకోవద్దు. బహదూర్ షా జఫర్ పేరుతో ఉన్న 'లగ్తా నహీఁ హై దిల్ మేరా ఉజ్డే దయార్ మేఁ' (ఈ పాడుబడ్డ చోట నా మనసు నిలవడం లేదు) చూడండి, 1862లో రంగూన్‌లో పోయిన చివరి బాద్‌షా, రెండు గజాల నేల కూడా దొరకలేదు అనే లైనుతో సహా అందరికీ కంఠతా వచ్చు. అది ఆయన రాసిందేనా అని పరిశోధకులకి బలమైన అనుమానాలున్నాయి. కానీ ఆ రెండు గజాలు ఎక్కడ కావాలంటాడు? ఢిల్లీలో అనడు, కూ-ఎ-యార్‌లో అంటాడు, ప్రియురాలి గల్లీలో. ఎవరు రాసినా సరే, మీరు విసిగిపోయానన్న ఆ పాత గల్లీయే ఇక్కడ ఢిల్లీ.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని చివర్లో అడిగారు కదా. ముందు నజీర్, తర్వాత కులీ కుతుబ్ షా (జూన్‌లో, మిర్గం నాడు చదివితే ఇంకా మంచిది), తర్వాత మళ్ళీ మీర్ దగ్గరికి రండి. ఆఖరున జాన్ ఎలియా. అమ్రోహాలో పుట్టి 1957లో కరాచీ వెళ్ళాడు. ఎదురుగా అరేబియా సముద్రం పెట్టుకుని దాహంగా ఉందంటాడు, అమ్రోహా పక్కన పారే బాన్ అనే చిన్న ఏటిని పేరు పెట్టి పిలిచి, నువ్వింకా పారుతున్నావా అని అడుగుతాడు.